ఉద్యోగం పోయిన మర్నాడు ఏ దేశం ఏమంటుంది?

విజయవాడ బెంజి సర్కిల్ పరిసరాల్లోనూ, గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలోనూ విదేశీ చదువుల కన్సల్టెన్సీల బోర్డులు కనిపించని వీధి అరుదు. ఆ బోర్డుల మీద అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, జర్మనీ జెండాలు వరుసగా ఉంటాయి. లోపలికి వెళ్లిన తల్లిదండ్రులు ముందుగా అడిగే మాట ఒక్కటే: "ఏ దేశం మంచిదండీ?" దానికి వచ్చే జవాబు సాధారణంగా మూడు విషయాల చుట్టూ తిరుగుతుంది. మనవాళ్లు ఎవరైనా అక్కడ ఉన్నారా, ఈ ఏడాది వీసాలు తేలిగ్గా ఇస్తున్నారా, అక్కడి జీతం రూపాయల్లో ఎంత అవుతుంది. ఈ మూడూ అడగదగినవే. అయితే మొదటి రెండు ఆ దేశంలో అడుగు పెట్టడానికి సంబంధించినవి, మూడోది అంతా సవ్యంగా సాగినంత కాలానికి సంబంధించినది. అక్కడ పది, పదిహేనేళ్ల పాటు ఏ హోదాతో బతుకుతామో, ఆ హోదా యజమాని చేతిలో ఉంటుందో మన చేతిలో ఉంటుందో, ఎన్నేళ్లకు మన చేతికి వస్తుందో ఈ ప్రశ్నల్లో ఎక్కడా తేలదు.

విదేశంలో కుదురుకోలేకపోవడాన్ని మనం సాధారణంగా చలికీ, తిండికీ, ఒంటరితనానికీ అంటగడతాం. వాటి పాత్ర లేదని అనలేం. కానీ ఆ ఇబ్బందుల్లో పెద్ద భాగం చట్టపరమైన హోదా నుంచి పుడుతుందని, దేశాన్ని ఎంచుకునేటప్పుడే దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని నా అభిప్రాయం. అందుకు అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష ఒకటుంది: ఉద్యోగం పోయిన మర్నాటి నుంచి ఆ దేశంలో ఎన్ని రోజులు ఉండవచ్చు?

అమెరికాలో హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం గరిష్ఠంగా 60 రోజుల వ్యవధి ఉంటుంది. ఆలోగా మరో కంపెనీ దరఖాస్తు వేయాలి, లేదా మరో వీసా వర్గంలోకి మారాలి, లేదా దేశం విడిచి వెళ్లాలి. బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా ఉన్నవారికి కూడా గడువును సాధారణంగా 60 రోజులకే కుదిస్తారు. సింగపూర్‌లో ఎంప్లాయ్‌మెంట్ పాస్ (ఉద్యోగ అనుమతి) రద్దయితే మిగిలేది సుమారు నెల రోజులు. ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఈ విషయంలో ఉదారంగా మారింది. యజమాని స్పాన్సర్ చేసిన తాత్కాలిక వీసా మీద ఉన్నవారు ఒక్కో దఫా 180 రోజుల వరకు, వీసా కాలం మొత్తం మీద 365 రోజుల వరకు మరో ఉద్యోగం వెతుక్కోవచ్చు. కెనడాకు శాశ్వత నివాసిగా వెళ్లినవారి విషయంలో ఈ ప్రశ్నే పుట్టదు. ఉద్యోగం పోతే జీతం పోతుంది గానీ ఉండే హక్కు పోదు.

ఈ అంకెలు దైనందిన జీవితాన్ని చాలా లోతుగా శాసిస్తాయి. అరవై రోజుల గడువు మీద బతికే మనిషి ఇల్లు కొనడానికి వెనకాడతాడు, పైఅధికారి అన్యాయంగా మాట్లాడినా నోరు మెదపడు, జీతం తక్కువైనా కంపెనీ మారడానికి భయపడతాడు. పాస్‌పోర్టులో వీసా ముద్ర (స్టాంపింగ్) గడువు ముగిసి ఉంటే, తండ్రికి గుంటూరులో ఆపరేషన్ అని తెలిసినా బయలుదేరడానికి తటపటాయిస్తాడు. వచ్చాక హైదరాబాద్ కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ దొరకకపోతే తిరిగి వెళ్లే దారి మూసుకుపోతుందన్న జంకు అతనిది. ఇంటి దగ్గరివాళ్లకు ఇది మనసు మారిపోవడంగా కనిపిస్తుంది.

అమెరికా దారి గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే కృష్ణా, గుంటూరు జిల్లాల వలస చరిత్రలో దానిదే సింహభాగం. 1965 నాటి వలస చట్టం జాతుల వారీ కోటాలను రద్దు చేసిన తరువాత మన వైద్యులు అక్కడికి పెద్ద సంఖ్యలో వెళ్లారు. 1946లో ఏర్పడిన గుంటూరు వైద్య కళాశాల పూర్వ విద్యార్థులకు ఉత్తర అమెరికాలో సొంత సంఘమే ఉంది. ఆ తరం చూసిన అమెరికాకూ ఇప్పుడు మాస్టర్స్‌కు వెళ్తున్న పిల్లలు చూసే అమెరికాకూ పోలిక తక్కువ. పెదనాన్నగారు వెళ్లిన కొద్దికాలానికే గ్రీన్ కార్డు వచ్చిందన్న కథను పట్టుకుని నేటి నిర్ణయం చేయడం పొరపాటు.

నేటి దారి ఇలా ఉంటుంది. చదువు పూర్తయ్యాక విద్యార్థులకు ఇచ్చే ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి కింద 12 నెలలు, సైన్స్, ఇంజినీరింగ్ వంటి కోర్సులైతే అదనంగా 24 నెలలు పనిచేయవచ్చు. ఈలోగా హెచ్-1బి లాటరీలో పేరు రావాలి. ఏడాదికి ఇచ్చే సాధారణ కోటా 65,000. అమెరికా విశ్వవిద్యాలయాల్లో మాస్టర్స్ చేసినవారికి మరో 20,000. 2025 సెప్టెంబరులో వెలువడిన అధ్యక్ష ప్రకటన, దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధించింది. దీనితో ఇక్కడి కంపెనీ నుంచి నేరుగా అక్కడికి వెళ్లే పాత దారి బాగా ఇరుకైంది. హెచ్-1బి వచ్చాక అసలు నిరీక్షణ మొదలవుతుంది. ఉద్యోగ ప్రాతిపదికన ఏటా ఇచ్చే గ్రీన్ కార్డులు కుటుంబ సభ్యులతో కలిపి సుమారు 1,40,000. వాటిలో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వకూడదన్నది సాధారణ నియమం. భారతదేశానికైనా ఐస్‌లాండ్‌కైనా పరిమితి అంతే. ఎవరి వంతు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్లలో, 2025లో, భారతీయుల ఈబీ-2, ఈబీ-3 అనే ఉద్యోగ వర్గాల తేదీలు 2012, 2013 మధ్యే కదిలాయి. అంటే పుష్కర కాలం కిందట వరుసలో నిలబడినవారికి ఇప్పుడు పిలుపు వస్తోంది. కొత్తగా చేరినవారి వంతు ఎప్పుడొస్తుందో ఆ పన్నెండేళ్లను బట్టి చెప్పలేం, ఎందుకంటే వాళ్ల ముందున్న వరుస అంతకన్నా పొడుగైనది.

ఈ వరుసలో ఒక విచిత్రం ఉంది. కోటాను లెక్కించేది పౌరసత్వాన్ని బట్టి కాదు, పుట్టిన దేశాన్ని బట్టి. గుంటూరులో పుట్టి కెనడా పౌరసత్వం తీసుకున్నవారు కూడా భారతదేశపు వరుసలోనే నిలబడాలి. తండ్రి కువైట్‌లో పనిచేస్తున్నప్పుడు అక్కడ పుట్టిన తెలుగమ్మాయి మాత్రం కువైట్ కోటాలోకి వస్తుంది; ఆమెను పెళ్లాడిన భర్త కూడా ఆమె జన్మస్థలాన్ని ఆధారం చేసుకుని ఆ పొట్టి వరుసలోకి మారవచ్చు. జాతకాల్లో పుట్టిన సమయం చూసే మనవాళ్లు పుట్టిన ఊరు కూడా చూడాల్సి వస్తోందన్నమాట.

పిల్లల విషయంలో ఈ ఆలస్యం మరింత బాధిస్తుంది. చిన్నప్పుడే తల్లిదండ్రులతో వెళ్లి అక్కడే చదువుకున్న పిల్లలు, గ్రీన్ కార్డు రాకముందే 21 ఏళ్లు నిండితే తల్లిదండ్రుల దరఖాస్తు నుంచి జారిపోతారు. వయసు లెక్కింపులో కొంత వెసులుబాటు ఇచ్చే చట్టం ఉన్నా, దశాబ్దాల నిరీక్షణ ముందు అది చాలదు. ఆ తరువాత వాళ్లు సొంతంగా విద్యార్థి వీసా తీసుకుని మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి.

కెనడా పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. 2015 జనవరిలో మొదలైన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ విధానంలో వయసు, చదువు, భాష, అనుభవాలకు మార్కులు వేసి, నెగ్గినవారికి ముందే శాశ్వత నివాస హక్కు ఇస్తారు. ఉద్యోగం వెతుక్కునే బాధ్యత ఆ తరువాత మనదే. గత అయిదేళ్లలో 1,095 రోజులు అక్కడ నివసిస్తే పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. హోదా వేగంగా స్థిరపడుతుంది, వృత్తి నెమ్మదిగా స్థిరపడుతుంది. ఇక్కడ టీమ్ లీడర్‌గా ఉన్నవారు అక్కడ "కెనడా అనుభవం లేదు" అన్న మాట విని రెండు మెట్లు దిగి మొదలుపెట్టడం సర్వసాధారణం. మార్కుల విషయంలో మనవాళ్లు తరచూ విస్మరించేది వయసు. జీవిత భాగస్వామి లేకుండా దరఖాస్తు చేసేవారికి 20 నుంచి 29 ఏళ్ల మధ్య వయసుకు 110 మార్కులు వస్తాయి. 35 ఏళ్లకు అవి 77కి, 40 ఏళ్లకు 50కి తగ్గి, 45 నిండితే సున్నా అవుతాయి. ఉద్యోగ ఆఫర్ ఉంటే కలిపే అదనపు మార్కులను 2025 మార్చిలో తీసేశారు. అందువల్ల "ముందు అమెరికాకు ప్రయత్నిద్దాం, కుదరకపోతే కెనడా ఉండనే ఉంది" అనే వ్యూహం అమెరికా ప్రయత్నంలోనే కెనడా అవకాశాన్ని కూడా ఖర్చు చేసేస్తుంది. ఏ దేశానికి వెళ్లాలన్నదానితో పాటు ఏ వరుసలో ప్రయత్నించాలన్నది కూడా ముఖ్యమే.

జర్మనీ గురించి ఈ మధ్య మనవైపు ఎక్కువగా వినిపిస్తోంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదన్నది నిజమే. బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రం మాత్రం ఐరోపా సమాఖ్య వెలుపలి విద్యార్థుల నుంచి సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటుంది. వెళ్లేముందు బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపాలని 2024 సెప్టెంబరులో నిర్ణయించారు. ఆ సొమ్మును నెలకు ఇంత చొప్పున వాడుకోవచ్చు. చదువు ముగిశాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. బ్లూ కార్డు (నిపుణులకు ఇచ్చే ఉద్యోగ నివాస పర్మిట్) వచ్చినవారు జర్మన్ భాషలో బీ1 అనే మధ్యస్థాయి సాధిస్తే 21 నెలలకే, ఏ1 అనే ప్రారంభ స్థాయితో అయితే 27 నెలలకు శాశ్వత నివాసానికి అర్హులవుతారు. అమెరికా నిరీక్షణతో పోల్చి చూస్తే ఇది నమ్మలేనంత త్వరగా దక్కే హక్కు.

అయితే అక్కడ కట్టని ఫీజును భాష రూపంలో కట్టాలి. ఇంగ్లిష్‌లో సాగే మాస్టర్స్ కోర్సులు ఎన్నో ఉన్నాయి గానీ, మ్యూనిక్, బెర్లిన్ వంటి నగరాల్లోని సాఫ్ట్‌వేర్ సంస్థలను దాటి మెకానికల్, సివిల్, నర్సింగ్ రంగాల్లోకి వెళ్తే జర్మన్ లేకుండా ఉద్యోగం దొరకడం కష్టం. కోర్సులో చేరాక నేర్చుకుందాంలే అనుకున్నవారికి పరీక్షలు, పార్ట్‌టైమ్ పని మధ్య అందుకు సమయం చిక్కదు. విజయవాడలోనే కనీసం బీ1 స్థాయి వరకు చదివి వెళ్లడానికి పట్టే కాలాన్ని వృథాగా భావించే తల్లిదండ్రులకు నా సలహా ఏమిటంటే, ఆ నెలలను కోర్సులో భాగంగానే లెక్క వేసుకోవాలి.

వృత్తిని బట్టి కూడా దేశం మారుతుంది. సాఫ్ట్‌వేర్ వారికి ఎక్కడా లైసెన్సు అక్కరలేదు కాబట్టి వారి అనుభవాన్ని అందరికీ వర్తింపజేయడం మనకు అలవాటైంది. గుంటూరు, విజయవాడల చుట్టూ ఫార్మసీ కళాశాలలు లెక్కకు మించి ఉన్నాయి. వాటిలో నాలుగేళ్ల బీఫార్మసీ చదివినవారు అమెరికాలో ఫార్మసిస్టు లైసెన్సుకు పోటీపడలేరు, ఎందుకంటే 2003 తరువాత పట్టా పొందిన విదేశీయులకు కనీసం అయిదేళ్ల పాఠ్యక్రమం ఉండాలన్నది అక్కడి నియమం. ఆరేళ్ల ఫార్మ్‌డి చదివినవారికి ఆ అడ్డంకి లేదు. ఇంటర్ తరువాత కళాశాల ఎంచుకునే రోజునే ఈ తేడా తెలిసి ఉండాలి. వైద్యుల విషయంలో అమెరికాకు యూఎస్‌ఎమ్‌ఎల్‌ఈ పరీక్ష, ఆపై రెసిడెన్సీ అనే ఆసుపత్రి శిక్షణ, బ్రిటన్‌కు ప్లాబ్ పరీక్ష, జర్మనీకి వైద్య పరిభాషలో సీ1 స్థాయి భాషా పరీక్ష ఉంటాయి. అమెరికాలో జె-1 వీసా మీద రెసిడెన్సీ చేసినవారు రెండేళ్లు స్వదేశానికి రావాలి, లేదా వైద్యులు కొరవడిన ప్రాంతంలో మూడేళ్లు పనిచేసే షరతు మీద మినహాయింపు పొందాలి. అక్కడి మారుమూల చిన్న పట్టణాల ఆసుపత్రుల్లో తెలుగు డాక్టర్లు కనిపించడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

పెళ్లిచూపుల్లో అబ్బాయి ప్యాకేజీ అడుగుతారు గానీ, భార్యకు పనిచేసే హక్కు ఉంటుందా అని అడిగే కుటుంబాలు తక్కువ. బీటెక్ చదివి నాలుగైదేళ్లు ఉద్యోగం చేసిన అమ్మాయి హెచ్-1బి ఉన్నవారి కుటుంబానికి ఇచ్చే హెచ్-4 వీసా మీద అమెరికా వెళ్తే, భర్తకు ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) ఆమోదం వచ్చేవరకు సాధారణంగా పనిచేయడానికి వీల్లేదు. 2015లో వచ్చిన వెసులుబాటు కూడా ఆ దశ దాటినవారికే. సింగపూర్‌లో 2021 మే నుంచి కుటుంబ సభ్యులకు ఇచ్చే డిపెండెంట్ పాస్ ఉన్నవారు ఉద్యోగం చేయాలంటే చాలావరకు సొంతంగా వర్క్ పాస్ సంపాదించాలి. జర్మనీలో బ్లూ కార్డుదారుల భార్యకు గానీ భర్తకు గానీ ఏ ఉద్యోగమైనా చేసుకునే హక్కు మొదటి రోజు నుంచే ఉంటుంది. కొత్త దేశంలో మనసు కుదుటపడడం గురించి రాసేవారు సాధారణంగా ఉద్యోగం చేసే వ్యక్తినే దృష్టిలో పెట్టుకుంటారు. పొద్దున్నే అతను ఆఫీసుకు వెళ్లిపోతాడు; అక్కడ మాట్లాడే మనుషులు, చేసే పని, నెలాఖరుకు జీతం ఉంటాయి. ఇంట్లో మిగిలిపోయినవారికి, అందులోనూ కారు నడపడం రానివారికి, ఆ మూడింటిలో ఏదీ ఉండదు. పైగా పనిమనిషి, పక్కింటి పిన్నిగారు, అయిదు నిమిషాల దూరంలో పుట్టిల్లు ఒక్కసారిగా మాయమైన చోట ఇంటిపని మొత్తం ఒకరి మీదే పడితే ఆ కాపురంలో కలతలు రావడానికి అత్తమామలు దగ్గర లేకపోయినా ఫరవాలేదు.

తల్లిదండ్రుల సంగతి మరో పరీక్ష. ఒక్కగానొక్క సంతానం ఉన్న ఇళ్లు మన జిల్లాల్లో పెరిగిపోయాయి కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అమెరికా సందర్శక వీసా మీద వెళ్లినవారికి మామూలుగా ఒక్కో దఫా ఆరు నెలలు ఉండనిస్తారు. పిల్లలు పౌరులైతేనే తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు అడగగలరు, ఆ పౌరసత్వం రావడానికి పైన చెప్పిన వరుస దాటాలి. తల్లిదండ్రులకు ఇచ్చే కెనడా సూపర్ వీసా మీద 2022 నుంచి ఒక్కసారికి అయిదేళ్ల వరకు ఉండవచ్చు. బ్రిటన్‌లో పెద్దవారిని శాశ్వతంగా తెచ్చుకోవడం దాదాపు అసాధ్యం. ఆస్ట్రేలియాలో తక్కువ రుసుముతో ఉండే తల్లిదండ్రుల వీసాకు నిరీక్షణ దశాబ్దాల్లో ఉంటుంది. జర్మనీ 2024 మార్చి 1న గానీ ఆ తరువాత గానీ తొలిసారి పర్మిట్ పొందిన నిపుణులకు తల్లిదండ్రులను తెచ్చుకునే వీలు కల్పించింది గానీ, పెద్ద వయసువారికి ఆరోగ్య బీమా దొరకడమే అక్కడ అసలు అడ్డంకి. చట్టంతో పాటు గడియారాన్ని కూడా చూడాలి. దుబాయ్‌కీ మనకూ గంటన్నర తేడా. జర్మనీతో కాలాన్ని బట్టి మూడున్నర లేక నాలుగున్నర గంటలు. న్యూయార్క్‌తో తొమ్మిదిన్నర లేక పదిన్నర గంటలు. గుంటూరులో రాత్రి ఆసుపత్రికి పరుగెత్తాల్సి వచ్చినప్పుడు ఫోను ఎత్తే కొడుకు మెలకువగా ఉంటాడా, సాయంత్రానికి విమానం దిగగలడా అన్నది వీసా పత్రంలో రాసి ఉండదు.

గల్ఫ్ దేశాలను ఈ చర్చలో వేరే కొలమానంతో చూడాలి. యూఏఈలో వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు, ఊరు దగ్గర, సీబీఎస్‌ఈ బడులు ఉన్నాయి. కానీ పౌరసత్వం దాదాపుగా రాదు, ఉద్యోగంతోనే నివాసం ముడిపడి ఉంటుంది. అక్కడికి వెళ్లేవారు తిరిగి వచ్చే రోజును మొదటే లెక్క వేసుకుని దాచుకోవాలి, ఈ స్పష్టత ఉన్నవారు అక్కడ నిశ్చింతగా బతుకుతారు. కూలిపనికీ ఇంటిపనికీ వెళ్లేవారి పరిస్థితి వేరు. పదో తరగతి పాసవ్వనివారి పాస్‌పోర్టుకు, గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగం మీద వెళ్లేముందు, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్ (వలస వెళ్లేవారి రక్షణ చూసే ప్రభుత్వ అధికారి) అనుమతి తప్పనిసరి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల ప్రమాద బీమా వస్తుంది. కువైట్ 2015లో చేసిన చట్టం ఇంటిపనివారికి రోజుకు 12 గంటల పరిమితి, వారానికి ఒక సెలవు, ఏడాదికి నెల రోజుల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. విజిట్ వీసా మీద పంపించి అక్కడ మారుస్తామనే ఏజెంటు ఈ రక్షణలన్నిటినీ ఒక్క దెబ్బతో తీసేస్తున్నాడని గ్రహించాలి.

కాగితాల గురించి క్లుప్తంగా. మన ఇంటిపేరు ముందు ఉంటుంది, పదో తరగతి మెమోలో అది పొడి అక్షరంగా మిగిలిపోతుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది. యూఏఈ 2022 నవంబరు నుంచి ఒకే పేరున్న పాస్‌పోర్టుల మీద సందర్శక వీసాలకు అభ్యంతరం చెబుతోంది. అమెరికా వీసాలో అయితే పేరు గడిలో 'ఎఫ్‌ఎన్‌యూ' (పేరు తెలియదు) అనే మూడక్షరాలు వచ్చి చేరతాయి, అవే డ్రైవింగ్ లైసెన్సు మీదకూ బ్యాంకు ఖాతాలోకీ ప్రయాణం చేస్తాయి. వెళ్లాక సరిచేయించుకోవడం కన్నా, పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో తీసుకున్న జనన ధ్రువపత్రం, మెమో, పాస్‌పోర్టు మూడింటిలో పేరు ఒకేలా ఉండేట్లు ముందే చూసుకోవడం చాలా చౌక. జర్మనీని మినహాయిస్తే చాలా ఐరోపా దేశాలకూ, 2024 జనవరి నుంచి కెనడాకూ అపోస్టిల్ ముద్ర (మన విదేశాంగ శాఖ వేసే ధ్రువీకరణ) సరిపోతుంది. యూఏఈ, కువైట్‌లకు ఎంబసీ ధ్రువీకరణ కావాలి.

వెళ్లిన తరువాత మనసు ఎలా కుదుటపడుతుందన్న దానిపై చాలాకాలంగా పరిశోధన సాగుతోంది. అమెరికాలో గడిపిన నార్వే స్కాలర్లను అధ్యయనం చేసిన సామాజిక శాస్త్రవేత్త లిస్గార్డ్ 1955లో ఒక వంపును ప్రతిపాదించాడు: మొదట ఉత్సాహం, తరువాత దిగులు, చివరకు కుదురు. ఇప్పటికీ ఎక్కువమంది సలహాదారులు చెప్పేది అదే. 1998లో మనస్తత్వ శాస్త్రవేత్త కొలీన్ వార్డ్, ఆమె సహచరులు విద్యార్థులను మొదటి రోజుల నుంచి గమనించినప్పుడు మాత్రం, దిగులు ఎక్కువగా కనిపించింది దిగిన కొత్తలోనే. అందువల్ల మొదటి నెలలోనే ఏడుపు వస్తే ఆ దేశం తనకు సరిపడలేదని తేల్చేసుకోనక్కర్లేదు. మరో మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ బెర్రీ దీన్ని మరో కోణం నుంచి చూశాడు. సొంత సంస్కృతిని నిలుపుకోవడం, కొత్త సమాజంతో కలవడం అనేవి రెండు వేర్వేరు నిర్ణయాలని, రెండూ చేసేవారు సాధారణంగా మెరుగ్గా ఉంటారని అతని వాదన.

మనవాళ్ల అనుభవానికి దీన్ని అన్వయిస్తే తెలుగు బృందం పాత్ర అర్థమవుతుంది. విమానాశ్రయం నుంచి తీసుకురావడం, రూమ్ చూపించడం, మొదటి వారం అన్నం పెట్టడం, పాత కారు ఇప్పించడం వంటి సాయం మరే సమాజంలోనూ ఇంత సులువుగా దొరకదేమో. 1970ల నుంచి తానా వంటి సంఘాలు ఉన్నాయి, 2007 నుంచి సిలికానాంధ్ర మనబడి పిల్లలకు తెలుగు నేర్పుతోంది. కానీ ఊళ్లోని కులాల గీతలు, పార్టీల గీతలు ఆ సముద్రాలు దాటి యథాతథంగా వెళ్లాయి. అయిదేళ్ల తరువాత కూడా వారాంతపు విందుల్లో ఒకే ఊరి, ఒకే వర్గపు మనుషులే కనిపిస్తున్నారంటే, ఉద్యోగం పోయిన రోజున రిఫరల్ ఇవ్వగల పరిచయాలు కూడా ఆ వృత్తానికే పరిమితమవుతాయి. స్థానిక భాష, స్థానిక లైబ్రరీ, పిల్లల బడిలో తల్లిదండ్రుల సమావేశం వంటివి మర్యాద కోసం చేసే పనులు కావు; అవి బతుకుతెరువులో భాగం.

వాతావరణం మీద మనవాళ్లు చలినే చూస్తారు, చీకటిని చూడరు. విజయవాడలో ఏడాది మొత్తం మీద అతి చిన్న పగలు కూడా సుమారు 11 గంటలు ఉంటుంది. డిసెంబరులో లండన్‌లో అది ఎనిమిది గంటలకు లోపే. చీకట్లో వెళ్లి చీకట్లో తిరిగివచ్చే ఆ మూడు నెలల దిగులు నుంచి కోటు కాపాడదు. సెప్టెంబరు సెమిస్టరులో చేరేవారు మొదటి దిగులు, మొదటి పరీక్షలు, మొదటి చలికాలం ఒకేసారి ఎదుర్కొంటారని తెలిసి ఉంటే, మనసుకు వచ్చే భారాన్ని వ్యక్తిగత వైఫల్యంగా భావించరు. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసి ఉండడం, రాత్రి పదింటి తరువాత కుక్కర్ కూతకైనా పక్కింటివారు అభ్యంతరం చెప్పడం, అక్కడి నివాసులుగా నమోదైన ఆరు నెలలకు భారతీయ డ్రైవింగ్ లైసెన్సు చెల్లకపోవడం వంటివి కొన్నాళ్లకు అలవాటైపోతాయి.

ఇక్కడి ఆస్తుల సంగతి తేల్చుకోకుండా విమానం ఎక్కేవారే ఎక్కువ. ప్రవాస హోదా వచ్చాక మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ (ప్రవాసుల రూపాయి ఖాతా)గా మార్చాలి. ప్రవాసులు ఇల్లు, స్థలం కొనవచ్చు గానీ వ్యవసాయ భూమి కొనరాదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అమరావతి పరిసరాల్లో పొలాల మీద ఆశపడేవారు ఈ గీతను గమనించాలి. అమెరికా పన్ను నివాసులు విదేశీ ఖాతాల్లో మొత్తం 10,000 డాలర్లు దాటితే అక్కడ ప్రకటించాలి. ఇక్కడి మ్యూచువల్ ఫండ్లకు అక్కడ కఠినమైన పన్ను పద్ధతి వర్తిస్తుంది. ఎల్‌ఐసీ ఏజెంటు బావగారికి ఈ సంగతి తెలియకపోవచ్చు.

భారత్ ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. జర్మనీ 2024 జూన్ నుంచి అయిదేళ్లకే పౌరసత్వం ఇస్తున్నా, పాత పౌరసత్వం వదులుకోనక్కర్లేదని అంటున్నా, మన చట్టం ప్రకారం అది తీసుకున్న క్షణంలోనే భారత పౌరసత్వం పోతుంది. మిగిలేది ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే కార్డు. దాని పరిమితి అర్థమయ్యేది సాధారణంగా తిరిగి వచ్చే ఆలోచన మొదలైనప్పుడే. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ పింఛనుకు 40 క్రెడిట్లు, అంటే కనీసం పదేళ్ల పని, కావాలి. జర్మనీ, కెనడా, ఆస్ట్రేలియా, జపాన్ వంటి దేశాలతో ఉన్న సామాజిక భద్రతా ఒప్పందం అమెరికాతో లేదు కాబట్టి, తొమ్మిదేళ్లు పనిచేసి గుంటూరు తిరిగి వచ్చినవారు కట్టిన సొమ్ము మీద పింఛను ఆశించలేరు. ఇక పిల్లలు. అక్కడ పుట్టి అమెరికా పౌరులైన పిల్లలు ఓసీఐ మీద ఇక్కడి బడుల్లో హాయిగా చదువుకోవచ్చు. అయితే 2021 మార్చి 4 నాటి నోటిఫికేషన్ నీట్, జేఈఈ వంటి ప్రవేశాల్లో ఓసీఐలను ప్రవాస భారతీయులతో సమానం చేసి, భారత పౌరులకే కేటాయించిన సీట్లకు అనర్హులను చేసింది. ఆ తేదీకి ముందే కార్డు తీసుకున్నవారికి ఇది వర్తించదని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. ఆ తరువాత కార్డు వచ్చిన పిల్లవాడు ఆరో తరగతికి విజయవాడ వచ్చి, ఇక్కడే ఇంటర్ చదివి, నీట్‌లో పక్క బెంచీ కుర్రాడికి వచ్చినన్ని మార్కులే తెచ్చుకున్నా, ఎంబీబీఎస్‌కు ఎన్‌ఆర్‌ఐ కోటా ఫీజు లెక్క చూసుకోవాల్సి వస్తుంది.